రెండు ముడులు

జూన్ 4

ఈ నోటుబుక్కు పరిశోధన అమ్మాయి ఇచ్చింది. "ఏదైనా గుర్తొస్తే రాసుకోండి మేడం" అంది. తన ఉద్దేశంలో గుర్తు రావలసినవి లాబ్‌లో జరిగే పొరపాట్లు. మాలాంటి పేద ఆసుపత్రుల్లో రోగపరీక్షలు ఎంతవరకు నమ్మదగ్గవో తేల్చడానికి వచ్చిందట. ఆరు నెలలపాటు మా గదిలో ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. కూర్చోనీ. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడున్నాను, ఒక్క ముక్క అటూ ఇటూ కాలేదు. నాకు గుర్తొచ్చేవి వేరే సంగతులు. అవే రాసుకుంటాను. ఇంట్లో ఎలాగూ నా మాట వినేవాళ్ళు లేరు. మా ఆయన వింటూ వింటూ నిద్రపోతాడు. అత్తయ్యకు చెవులు వినిపించవు.

మా గదిని ఆసుపత్రిలో అందరూ ముక్కల గది అంటారు. ఒంట్లోంచి కోసి తీసింది ఏదైనా సరే సీసాలో పడి మా దగ్గరికి రావలసిందే. దాన్ని స్పిరిట్‌లో నానబెట్టి, మైనంలో దిమ్మ పోసి, ఉల్లిపొర కంటే పలచగా కోసి, స్లైడు మీద పరిచి రంగు వేయడం నా పని. దాన్ని మైక్రోస్కోపులో చూసి క్యాన్సర్ అవునో కాదో చెప్పడం డాక్టరమ్మ పని. ఎనిమిది ఆసుపత్రులకు ఆవిడ ఒక్కతే. తల ఎత్తకుండా రోజుకు అరవై స్లైడులు చూస్తుంది.

నానబెట్టే యంత్రం మూలపడి మూడు నెలలు. చేత్తోనే ఒక జాడీలోంచి ఇంకో జాడీలోకి మారుస్తున్నాను. ముక్కలు వేసే ప్లాస్టిక్ డబ్బీలు కూడా అయిపోయాయి. ఒక్కొక్కరివీ గాజుగుడ్డలో మూటకట్టి, నంబరు రాసిన చీటీ లోపల పెట్టి, దారంతో ముడి వేస్తున్నాను. మా ఆయనతో చెబితే "మీది ఆసుపత్రా, మూటల అంగడా?" అన్నాడు. ఆయన నీళ్ళ ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పే ఉద్యోగి. నవ్వడానికి ఆయనకు బోలెడంత తీరిక.

జూన్ 9

పెన్సిలు కనపడలేదు. పరిశోధన అమ్మాయి ఫారాలు నింపడానికి పట్టుకుపోయి ఎక్కడో పెట్టి ఉంటుంది. పది నిమిషాలు వెతికాను. విసుగొచ్చింది. ఎలాగో కానిచ్చాను.

ఈరోజు రొమ్ములో గడ్డలని ఇద్దరు వచ్చారు. మా గది పక్కనే పరదా కట్టి డాక్టరమ్మ సూది గుచ్చి ముక్కలు తీస్తుంది. నేను సీసా పట్టుకుని నిలబడతాను. మొదటి ఆవిడ బస్సు కండక్టరు, ముప్ఫై నాలుగేళ్ళు, డ్యూటీ దుస్తుల్లోనే వచ్చింది. "టిక్కెట్టు కొట్టినంత తేలిగ్గా అయిపోతుందా మేడం?" అని నవ్వింది. మూడో పోటుకి ఏడ్చేసింది. "సారీ మేడం, బస్సులో మగాళ్ళనే గడగడలాడిస్తాను" అంటూ ఏడుస్తూనే నవ్వింది. నాకు నచ్చింది ఆ పిల్ల.

రెండో ఆవిడ టైలరు. యాభై దాటి ఉంటాయి. ఒక్క మాట మాట్లాడలేదు. సూది కేసి చూసి "గోనెసంచులు కుట్టేది ఇంకా నయం" అంది, అంతే.

ఇద్దరివీ నాలుగేసి ముక్కలు, సన్నగా దారప్పోగుల్లా. కండక్టరుది 212, టైలరుది 213.

జూన్ 10

పొద్దున జాడీ మూత తీసి, ముడి పక్కన దారం కత్తిరించి మూటలు విప్పాను. మొత్తం ఆరు. నాలుగింటిలో చీటీలు బాగానే ఉన్నాయి. రెండింటిలో చీటీ ఉంది గానీ దాని మీద ఏమీ లేదు. తెల్లకాగితం.

అప్పుడు గుర్తొచ్చింది. పెన్సిలు దొరకక ఆ రెండు చీటీలూ పెన్నుతో రాశాను. జేబులో ఉంది కదా అని తీసి రాసేశాను. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుందని మొదటి రోజు ఎవరికైనా నేర్పే పాఠం. ఎంతమందికి నేర్పానో నాకే తెలియదు. చేతికి అలవాటైన పని కదా, చెయ్యి చేసుకుంటూ పోయింది, బుర్ర ఎక్కడో ఉంది.

ముక్కలు లెక్కపెట్టాను. ఇద్దరివీ నాలుగేసి. రంగు ఒకటే, పొడవు ఒకటే.

తర్వాత స్థిమితపడి ఆలోచించాను. ఒక మూటకు ఒక ముడి, ఇంకోదానికి రెండు ముడులు. ఆ పిల్ల ఏడ్చింది కదా, దానిది జాగ్రత్తగా కట్టాలని రెండో ముడి వేశాను. నాకు బాగా గుర్తుంది. వేస్తున్నప్పుడు ఆ పిల్ల ముఖం కూడా కళ్ళముందు మెదిలింది. రెండు ముడులది 212. ఒక ముడిది 213.

డాక్టరమ్మతో చెప్పవచ్చు. చెబితే ఇద్దరినీ మళ్ళీ పిలిపిస్తుంది. మళ్ళీ సూదులు, మళ్ళీ ఆ పిల్ల ఏడుపు. ఎందుకొచ్చిన గొడవ? గుర్తు లేకపోతే కదా చెప్పాలి.

కొత్త చీటీలు రాశాను. పెన్సిలు కిటికీలోనే ఉంది.

జూన్ 11

రెండు ముడులది 212.

జూన్ 13

స్లైడులు రంగు బాగా పట్టాయి. డాక్టరమ్మ చూస్తూ చూస్తూ "అబ్బా" అంది. ఆవిడ అలా అంటే అర్థం నాకు తెలుసు. "212 ఎవరు?" అని అడిగింది. కండక్టరని చెప్పాను. "చిన్నపిల్ల" అంది. 213 మామూలు గడ్డ, ప్రాణానికి ఏమీ లేదు.

జూన్ 16

రిపోర్టులు కిటికీలోంచి నేనే ఇచ్చాను. టైలరు చదవడం రాదని నాకే తిరిగి ఇచ్చి "ఏముందో చెప్పమ్మా" అంది. "ఏమీ లేదమ్మా, మామూలు గడ్డ, పోయి హాయిగా పని చేసుకో" అన్నాను. ఆవిడ కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి నా చేతిని పట్టుకుంది. వేళ్ళన్నీ సూదిపోట్లు. "నువ్వు చల్లగా ఉండాలి" అంది.

కండక్టరు రిపోర్టు చదువుకుంది. ఒకసారి చదివింది, మళ్ళీ చదివింది. "మేడం, ఇది నాదేనా?" అని అడిగింది.

అందరూ అలాగే అడుగుతారు. ఇరవై రెండేళ్ళలో ఆ మాట వెయ్యిసార్లు విని ఉంటాను.

"మీదేనమ్మా" అన్నాను.

జూన్ 18

ఈరోజు జరిగింది రాయకపోతే నవ్వాపుకోలేను. పరిశోధన అమ్మాయి తొలిరోజు బల్ల మీద తప్పుల పుస్తకం అని ఒకటి పెట్టింది. చిన్న పొరపాటు జరిగినా పేరు లేకుండా అందులో రాయాలి. రెండు వారాలుగా అది కొత్తపెళ్ళికూతురిలా తెల్లగా ఉంది. డాక్టరమ్మ మమ్మల్ని పిలిచి "ఒక్క తప్పూ లేదంటే ఎవరూ నమ్మరు. చిన్న చిన్నవి రెండు మూడు రాయండి. పరువు పోనివి చూసి" అంది.

పరువు పోని తప్పుల కోసం అందరం బుర్రలు గోక్కున్నాం. చివరికి నేనే కూర్చుని రాశాను. 'ఒక సీసా మూత వదులుగా ఉండగా గమనించి బిగించడమైనది.' 'ఒక స్లైడు పగిలినందున మరొకటి తయారు చేయడమైనది.' పరిశోధన అమ్మాయి చదివి ఎంత సంబరపడిందో. "ఇలా నిజాయితీగా రాసేవాళ్ళుంటేనే మేడం" అంది.

ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

జూన్ 20

కండక్టరుకి ఆపరేషన్ జూలై 2. ఎడమ రొమ్ము పూర్తిగా తీసేస్తారు, చంకలో గడ్డలతో సహా. వార్డు నర్సు చెప్పింది. నేనేమీ ప్రత్యేకంగా వెళ్ళి అడగలేదు. వేరే పని మీద వెళ్ళి అడిగాను.

జూన్ 24

అన్నం తినకుండా లేచిపోతుంటే అత్తయ్య గట్టిగా "ఏమే, ఎవరినైనా చంపి వచ్చావా ఏంటి, ముఖం అలా పెట్టావు?" అంది. ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. మా ఆయన పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆవిడకు వినపడదు గనక ఏమి జవాబు చెప్పినా ఒకటే. "ఇంకా లేదత్తయ్యా" అన్నాను.

జూన్ 28

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఊరుకున్నాను. నేను తప్ప చదివేవాళ్ళు లేరు గదా.

ఈరోజు ఐదు మూటలు కట్టాను. దారం ఒకేసారి మూరెడు కత్తిరించుకుని వరసగా ముడి వేసుకుంటూ పోతాను. చివరి మూట దగ్గరికి వచ్చేసరికి కాస్త దారం మిగిలింది. మిగిలినదాన్ని పారెయ్యకుండా ఇంకో ముడి వేసేశాను. వేశాక నా చేతుల కేసి చూశాను.

నిన్నటి మూటలు ఇంకా జాడీలోనే ఉన్నాయి. తీసి చూశాను. చివరి నంబరుకి రెండు ముడులు. మొన్నటి గాజుగుడ్డలు చెత్తబుట్టలో ఉన్నాయి. వాటిలోనూ అంతే.

ప్రతిరోజూ చివరి మూటకే రెండు ముడులు. దారం మిగులుతుంది గనక. ఆరోజు చివరి మూట 213. టైలరుది.

అలా అని ఆరోజు కూడా అలాగే వేశానని ఏముంది? ఆరోజు వేరు. ఆరోజు ఆ పిల్ల ఏడ్చింది. నాకు గుర్తుంది.

జూన్ 29

డాక్టరమ్మ గదిదాకా వెళ్ళాను. ఆవిడ భోజనం చేస్తోంది. డబ్బా ఒక చేత్తో, మైక్రోస్కోపు ఒక చేత్తో. "ఏంటి?" అంది. "ఫార్మలిన్ అయిపోవస్తోంది మేడం" అన్నాను.

సీసాల్లో ముక్కలు చెడకుండా పోసే ఆ మందు అయిపోవస్తున్న మాట నిజమే.

జూన్ 30

మా ఆయనతో చెప్పాను. పూర్తిగా కాదు. "ఒకవేళ ఒక టెక్నీషియను ఇలా చేసిందనుకోండి" అని మొదలుపెట్టాను. ఆయన నవ్వలేదు. "ఎవరు చేశారు?" అన్నాడు. "ఎవరో, వేరే ఆసుపత్రిలో" అన్నాను. "అయితే ఆవిడ వెంటనే చెప్పెయ్యాలి గదా, అందులో ఆలోచించేదేముంది? వాల్వు తప్పు తిప్పామని తెలిస్తే పరిగెత్తుకెళ్ళి కట్టేస్తాం. తిట్లు తర్వాత తింటాం" అన్నాడు. ఈయనకు అన్నీ వాల్వులే. వాల్వు కడితే నీళ్ళు ఆగుతాయి. నేను చెబితే ఇరవై రెండేళ్ళు పోతాయి. ఈ గదిలో నా మాటకున్న విలువ పోతుంది. నాకు ఉన్నదంతా అదే.

ఇంకా రెండు రోజులుంది.

జూలై 1

రేపు. ఒక్క మాట చెబితే చాలు. ఇద్దరికీ మళ్ళీ ఒక సూది, వారం ఆలస్యం, అంతే. ఎవరి ప్రాణమూ పోదు.

ఫోను చేతిలోకి తీసుకున్నాను. డాక్టరమ్మ ఎత్తలేదు. మళ్ళీ చెయ్యలేదు.

చంకలో గడ్డలున్నాయని సర్జను రాశాడట. చంకలో గడ్డలుంటే క్యాన్సరే అయ్యుండాలి. నేను రైటే అయ్యుండాలి. రేపు ఆ రొమ్ము మా గదికే వస్తుంది. అందులో అది కనపడుతుంది. అప్పుడు అంతా సరిపోతుంది.

జూలై 2

అయిపోయింది.

జూలై 3

బకెట్టులో వచ్చింది. మూత మీద కండక్టరు పేరు, వయసు. పెద్దవి డాక్టరమ్మే కోయాలి గానీ ఈరోజు ఆవిడ వేరే ఊరి ఆసుపత్రికి వెళ్ళే రోజు. అలాంటప్పుడు నేనే కోసి పెడతాను.

క్యాన్సర్ సంగతి కత్తే ముందు చెబుతుంది. స్లైడు దాకా అక్కర్లేదు. పచ్చి జామకాయ కోస్తున్నట్టు గరగరలాడుతుంది, చుట్టూ ఉన్న కండలోకి వేళ్ళు చాపుకుని ఉంటుంది, వేలితో కదిపితే కదలదు. నేను కోస్తూ ఆ గరగర కోసమే చెవులు రిక్కించి ఉన్నాను. అది రావాలని కోరుకున్నాను. ఒక ఆడపిల్లకు క్యాన్సర్ ఉండాలని మనసారా కోరుకున్నాను. అది ఇక్కడ తప్ప ఎక్కడా ఒప్పుకోలేను.

కత్తి మెత్తగా దిగింది. గడ్డ గోళీకాయలా నున్నగా జారి అరచేతిలోకి వచ్చింది.

జూలై 6

స్లైడు వచ్చింది. మామూలు గడ్డ. చంకలోవి కూడా మామూలువే. డాక్టరమ్మ పాత స్లైడు తీయించి పక్కపక్కన పెట్టి చూసింది. పాతది క్యాన్సరే, అనుమానం లేదు. కొత్తది కాదు, అనుమానం లేదు. "మిగతా రొమ్మంతా ముక్కలు తియ్యి, ఇంకో ఇరవై" అంది.

జూలై 8

ఇరవై తీశాను. ఇరవైలోనూ ఏమీ లేదు.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి నా వైపు తిరిగింది. "ఆరోజు ఏమైనా జరిగిందా?" అని అడిగింది.

"లేదండి" అన్నాను. అంత తొందరగా ఆ మాట నా నోట ఎలా వచ్చిందో.

జూలై 9

చెప్పేశాను. పొద్దున్నే ఆవిడ చేతిసంచి ఇంకా బల్ల మీద పెట్టకముందే.

"మేడం, ఆ రెండు మూటలూ మారిపోయాయి."

"నిన్న అడిగితే లేదన్నావు."

"అవునండి."

"ఎప్పటినుంచి తెలుసు?"

"అనుమానం జూన్ ఇరవై ఎనిమిది నుంచి."

ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. నాలుగు వేళ్ళ దగ్గర ఆగింది. ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు. కేకలు వేస్తుందనుకున్నాను. వేస్తే బాగుండేది. ఆవిడ కూర్చుని మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పింది. పనివేళలో దాని మీద గుడ్డ కప్పడం నేనెప్పుడూ చూడలేదు.

"రిపోర్టు మీద ఉన్నది నా సంతకం. నువ్వు వేసిన ముడి కాదు" అంది. కాసేపటికి "సూపరింటెండెంటు గారితో మాట్లాడతాను. అంతవరకు ఎవరితోనూ అనకు. అర్థమైందా?" అంది.

అర్థమైంది. ఇంటికొచ్చి ఆకలిగా అన్నం తిన్నాను. చెప్పేశాను గదా.

జూలై 12

టైలరు కోసం వెళ్ళాను. రిజిస్టరులో ఉన్నది పాత సినిమా హాలు వెనక మెట్ల కింద కుట్టుమిషను. మెట్లున్నాయి, మిషను లేదు. నేల మీద రంగురంగుల గుడ్డపీలికలు మిగిలాయి. ఖాళీ చేసి వెళ్ళిపోయిందని పక్క కొట్టతను చెప్పాడు. ఎక్కడికో తెలియదట. ఫోను నంబరు పని చెయ్యడం లేదు.

వెళ్ళాను. లేదు. నేనేం చెయ్యను?

జూలై 17

సూపరింటెండెంటు ఊళ్ళో లేడట. వచ్చాక పరిశోధన వాళ్ళ పెద్దలు తనిఖీకి వస్తున్నారట, అది కానివ్వాలట. డాక్టరమ్మ నా కళ్ళలోకి చూడకుండా చెప్పింది. ఆపరేషన్ రిపోర్టు ఇంకా ఆవిడ సొరుగులోనే ఉంది.

పై వాళ్ళ చేతిలో ఉంది. నా చేతిలో లేదు.

జూలై 19

పై వాళ్ళ చేతిలో ఉంది.

జూలై 22

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం కిటికీ దగ్గర ఎవరో "మేడం" అన్నారు. తలెత్తితే గుర్తుపట్టలేదు. జుట్టు మగపిల్లాడిలా కురచగా కత్తిరించి ఉంది. కండక్టరు.

"ఆపరేషన్ చేసి తీసిన దాని రిపోర్టు వచ్చిందా మేడం? అది చూస్తే గానీ మందులు మొదలుపెట్టరట. ఆ మందులకు జుట్టు ఊడుతుందట కదా. గుత్తులు గుత్తులుగా రాలితే మా పాప జడుసుకుంటుందని ముందే తీయించేశాను" అంది. చంకలో కోసినందుకు ఎడమ చెయ్యి వాచి ఉంది. దాన్ని కుడిచేత్తో చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుంది.

"ఉండండి" అన్నాను. చేతి తొడుగులు తీసేశాను. డాక్టరమ్మ గది ముందునుంచే నడిచి బయటికొచ్చాను. గేటు పక్కన రేకుల షెడ్డులో బల్ల మీద కూర్చున్నాం.

"మీకు క్యాన్సర్ లేదు" అన్నాను.

ఆ పిల్ల నా రెండు చేతులూ పట్టుకుంది. "పోయిందా? మొత్తం పోయిందా మేడం? మందులు అక్కర్లేదా?" అంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. "మీ కడుపు చల్లగా ఉండ. మొదటిరోజు నుంచీ మీరు నాతో ఎంత బాగా మాట్లాడారో" అంది.

ఊఁ అనేసి లేచి వచ్చెయ్యవచ్చు. ఆ ఆలోచన వచ్చింది. సగం లేచాను కూడా. ఆ పిల్ల నా చేతులు వదల్లేదు.

మళ్ళీ కూర్చున్నాను. "పోవడం కాదమ్మా. ఎప్పుడూ లేదు" అన్నాను. చీటీలు, పెన్ను, మూటలు, ముడులు, అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ తన చెయ్యి నా చేతిలోనే ఉంది. ఎప్పుడు తీసేసుకుందో నాకు తెలియలేదు.

రెండు బస్సులు వచ్చి వెళ్ళాయి. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఒకసారి జుట్టు తడుముకుంది. ఎదురుగా ఉన్న గోడ కేసి చూస్తూ అడిగింది.

"అయితే అది ఎవరికి ఉంది?"

నేను గేటు కేసి చూశాను.

"ఉందన్నది ఎవరికో ఉండాలి గదా. ఆవిడకి చెప్పారా?"

"వెళ్ళాను. ఆవిడ టైలరు, మిషను తీసేసి ఎక్కడికో వెళ్ళిపోయిందట. దొరకలేదు."

"ఎన్నిసార్లు వెళ్ళారు?"

"ఒకసారి."

"రిపోర్టు ఇచ్చి ఎన్నాళ్ళయింది?"

"ఐదు వారాలు."

అప్పుడు నా వైపు తిరిగింది. "ఐదు వారాల నుంచి ఏం చేస్తున్నావు నువ్వు?" అంది.

ఇంతవరకు మీరు అనేది. ఆ ఒక్క మాటలో నాకు ఎంత తగలాలో అంతా తగిలింది. తను లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఫోను తీసింది. "టైలరు, బట్టల మూటతో తిరిగే మనిషి, ఏ బస్సో ఎక్కకుండా ఉంటుందా? ఎలా ఉంటుందో చెప్పు" అంది. చెప్పాను. తెలిసిన కండక్టర్లందరికీ అక్కడే నిలబడి ఒక్కొక్కరికీ ఫోను చేసింది. వాచిన చేత్తో ఫోను పట్టుకోలేక మధ్యలో ఆగి చేతులు మార్చుకుంది. నేను పట్టుకుంటానన్నాను. ఇవ్వలేదు.

జూలై 23

దొరికింది. రైలుగేటు అవతల కొత్త కాలనీ, కూతురి ఇంట్లో. పదకొండో నంబరు బస్సు కండక్టరుకి తెలుసు. ఇద్దరం వెళ్ళాం. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం, ఆ పిల్ల ముఖం కిటికీ వైపు.

టైలరు మమ్మల్ని చూసి గాభరాపడి కుర్చీల మీద గుడ్డలు తీసేసి కూర్చోమంది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. "ఆరోజు నేను మీకు ఏమీ లేదన్నానమ్మా. అది తప్పు. నా తప్పు. ముక్కలు మారిపోయాయి. మీరు మళ్ళీ ఆసుపత్రికి రావాలి."

ఆవిడ కత్తెర కింద పెట్టింది. "ఇక్కడ ఇంకోటి వచ్చింది" అని చంక చూపించింది. "కత్తెర పట్టి పట్టి వచ్చిందనుకున్నాను. ఉండబట్టలేక మా అమ్మాయి చూపించుకోమంది కూడా. ఆసుపత్రివాళ్ళే ఏమీ లేదన్నారు, వాళ్ళకంటే నీకు ఎక్కువ తెలుసా అని దాన్నే కసిరాను."

చేత్తో తాకాను. రాయిలా ఉంది. కదల్లేదు.

జూలై 24

పొద్దున తప్పుల పుస్తకం తీసి రాశాను. రెండు నంబర్లు, తేదీలు, జరిగింది, కింద నా పేరు. పరిశోధన అమ్మాయి చదివి పాలిపోయింది. "మేడం, ఇందులో పేరు రాయక్కర్లేదు" అంది. తెలుసన్నాను. డాక్టరమ్మ ఆ పేజీ చాలాసేపు చూసింది. సొరుగులోంచి ఆపరేషన్ రిపోర్టు తీసి సంతకం పెట్టింది. తర్వాత వెళ్ళి సూది సిద్ధం చెయ్యమంది. నా మీద విచారణ సోమవారం. ఈ గదిలో ఇంకెన్నాళ్ళు ఉంటానో తెలియదు.

కండక్టరు టైలరుని తనే తీసుకొచ్చింది. రమ్మని నేను అడగలేదు. కిటికీ బయట బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నేను లోపల చీటీ రాస్తున్నాను. మారిన ముక్కలు ఎవరివో టైలరుకి తెలియదు. నేను చెప్పలేదు, ఆ పిల్లా చెప్పలేదు. ఆ పిల్లని ఆసుపత్రి మనిషి అనుకుంటోంది కాబోలు.

టైలరుకి భయంగా ఉన్నట్టుంది. ఊరికే ఏదో ఒకటి మాట్లాడుతోంది. ఎన్ని పోట్లు పొడుస్తారు, నొప్పి ఎక్కువగా ఉంటుందా అని అడిగింది. "మూడోది కాస్త ఉంటుంది. నా చెయ్యి పట్టుకో పెద్దమ్మా" అంది కండక్టరు.

టైలరు ఆ కురచ జుట్టు కేసీ, ఆ వాచిన చెయ్యి కేసీ చూసింది. "నీకేమైందమ్మా? నీకూ ఇలాంటిదేనా?" అని అడిగింది.

నా పెన్సిలు ఆగిపోయింది.

"లేదు పెద్దమ్మా" అంది ఆ పిల్ల. "నాకేమీ లేదు."